వేపపిండి: మూడు చోట్ల కొని, రెండు పంటకాలాలు వేసి చూసిన తరువాత

చేవెళ్ల ప్రాంతంలో మా కుటుంబానికి ఉన్న ఎకరంన్నర ఎర్ర చెల్కలో వంకాయ, బెండ, టమాట, కాకర పంటలనే మార్చి మార్చి వేస్తుంటాము. తేలికపాటి ఇసుక నేల, బోరు నీరు, డ్రిప్పు పైపులు ఉండటం వల్ల పంట తొందరగా చేతికి వస్తుందన్న మాట నిజమే కానీ, ఆ సౌకర్యం మనకు ఎంత ఉందో వేరుబుడిపెలు పుట్టించే నులిపురుగులకూ (నేలలో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగులు) అంతే ఉందని రెండేళ్ల కిందటి వానాకాలంలో తెలిసింది. నాటిన నలభై రోజులకు వంకాయ మొక్కలు మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకోవడం మొదలైంది. నీరు చాలడం లేదనుకుని తడి పెంచాము, ఆకు పాలిపోతున్నదని యూరియా వేశాము, రెండూ పని చేయకపోయేసరికి ఒక మొక్కను పీకి చూస్తే వేర్ల నిండా పెసరగింజ మొదలు శనగగింజ పరిమాణం దాకా బుడిపెలు కనిపించాయి. బొబ్బర్ల వేర్ల మీద ఉండే మంచి బుడిపెలతో వీటిని కలగాపులగం చేయకూడదు. బొబ్బర బుడిపె వేరుకు అంటుకుని ఉంటుంది, గోటితో గిల్లితే ఊడి వస్తుంది, లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు బుడిపె మాత్రం వేరే ఉబ్బి ముద్దగా మారినది కాబట్టి వేరు తెగితే తప్ప అది రాదు.

వేపపిండి, అంటే వేపగింజ నుంచి నూనె తీసిన తరువాత మిగిలే చెక్క, దాని మీద డబ్బు పెట్టడానికి కారణం ఇదే. ఈ సమీక్షలో నేను చెప్పేది మూడు వేర్వేరు చోట్ల కొన్న వేపపిండి నాణ్యత గురించి, దానిని భూమిలో వేసిన తరువాత ఏ చీడకు ఎంత పని చేసింది, ఏ చీడకు చేయలేదు అన్న దాని గురించి.

మొదటి కొనుగోలు ఆన్‌లైనులో జరిగింది. అయిదు కిలోల సంచి, ఆకుపచ్చ బొమ్మలతో చక్కటి కవరు, అన్ని ఖర్చులూ కలిపి కిలో అరవై రూపాయల దాకా పడింది. సంచి విప్పగానే వాసన దాదాపుగా లేదు. మెత్తటి గోధుమ రంగు పొడి, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తగలదు, నాలుక కొసకు అంటిస్తే చేదు కాసేపటికి గానీ తెలియలేదు. రెండవది మా దగ్గరి పట్టణంలోని ఒక ఎరువుల దుకాణంలో కొన్న యాభై కిలోల బస్తా, కిలో ముప్ఫై రెండు రూపాయల లెక్కన ఇచ్చారు. వాసన ఉంది, చేదు ఉంది, కానీ గుప్పెడు పిండిని గాజు గ్లాసు నీటిలో వేసి కలిపి పది నిమిషాలు ఉంచితే అడుగున వేలి మందాన సన్నటి ఇసుక, మట్టి పేరుకున్నాయి, పైన వరి ఊక తేలింది. అంటే బస్తా బరువులో కొంత భాగానికి మేము మా చెల్కలోనే దొరికే ఇసుకకు డబ్బు చెల్లించామన్న మాట. దుకాణదారుని అడిగితే తనకు వచ్చిన సరుకు అదేనని, తానేమీ కలపలేదని అన్నాడు. అది నిజమే కావచ్చు, అయినా నష్టం మాత్రం మాదే అయింది.

మూడవది నూనె మిల్లు. గింజ ఆడించి నూనె తీసే చోటికే వెళ్లి, యంత్రం నుంచి పెంకుల్లాగా రాలుతున్న చెక్కను కళ్లముందే బస్తాలకు ఎత్తించుకున్నాము. కిలో ఇరవై ఆరు రూపాయలు. ఎలా గుర్తుపట్టాలని అడిగితే అక్కడి పెద్దాయన చెక్క ముక్క ఒకటి చేతిలో పెట్టి, “నాలుక మీద ఏస్కొని చూడు బిడ్డా, మాపటి బువ్వకు గూడ చేదు పోదు” అన్నాడు. ఆయన అన్నట్టే రాత్రి భోజనం రుచి తెలియలేదు. చెక్క జిడ్డుగా ఉంది, చితక్కొడితే లోపల పెంకు నలుసులు కనిపించాయి, నీటి పరీక్షలో అడుగున మట్టి చేరలేదు.

నూనె మిగిలి ఉన్న చెక్కే మంచిదని, నూనె పూర్తిగా పీల్చిన పిండి పనికిరాదని రైతుల్లో ఒక నమ్మకం ఉంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అది సగమే నిజం. పురుగులను ఆపే ముఖ్యమైన పదార్థం అజాడిరక్టిన్ నూనెలో కంటే గింజ పప్పులోనే ఎక్కువగా నిలిచి ఉంటుంది, హెక్సేను అనే ద్రావకంతో నూనె లాగినా అది చాలా వరకు పిండిలోనే మిగులుతుంది. అసలు చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉంది. క్రిమిసంహారక మందులు తయారుచేసే వారు అదే పిండిని మెథనాలు వంటి ద్రావకంతో మళ్లీ కడిగి అజాడిరక్టినును కూడా తీసుకుంటారు, అలా సారం పోయిన పిండి కూడా చూడటానికి వేపపిండిలాగే ఉంటుంది. అందువల్ల జిడ్డు లేకపోవడం ఒక్కటే అయితే అది తప్పు కాదు, జిడ్డూ చేదూ రెండూ లేకపోతే మాత్రం ఆ సంచిని వెనక్కి పంపడమే మేలు. మా ఆన్‌లైను సంచి ఏ కోవకు చెందినదో నేను నిరూపించలేను, మళ్లీ మాత్రం కొనను.

ఎండకు, వేడికి, కాలానికి వేప గుణం తగ్గిపోతుంది కాబట్టి ఎప్పుడు కొంటున్నామన్నది కూడా ముఖ్యమే. మన వైపు వేపపండ్లు మృగశిర కార్తె ప్రాంతంలో రాలడం మొదలవుతుంది, ఆ గింజ ఎండి మిల్లుకు చేరి ఆడించేసరికి శ్రావణం వస్తుంది. మేము ఆగస్టు తరువాత కొన్న చెక్కకూ, మరుసటి మే నెలలో అదే మిల్లులో మిగిలిన బస్తాలకూ వాసనలోనే తేడా తెలిసింది. తెచ్చిన బస్తాలను నేల మీద పెట్టకుండా కర్ర పలకల మీద పేర్చి, తడి తగలకుండా ఉంచకపోతే బూజు పడుతుంది. మేము ఒక బస్తాను అలాగే పోగొట్టుకున్నాము. ఇంట్లో నిల్వ చేయాలనుకునే వారికి ఇంకొక మాట, ఆ వాసన గది దాటి వంటింటి దాకా వస్తుంది, ఇంట్లో వారి అనుమతి ముందుగానే తీసుకోవడం మంచిది.

వేసే పద్ధతికి వస్తే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూరగాయలకు హెక్టారుకు 250 కిలోల వేపపిండిని సూచించింది, అంటే ఎకరానికి 100 కిలోలు. మా వంకాయ మడి ఇరవై గుంటలు, అంటే అర ఎకరం, కాబట్టి ఒక మోతాదుకు సరిగ్గా ఒక బస్తా సరిపోయింది, పూత సమయంలో అంతే మొత్తాన్ని మరొకసారి బోదెల మీద వేసి మట్టి కప్పాము. మొదటి మోతాదును పచ్చిగా వేయలేదు. 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణచే, మేలు చేసే శిలీంద్రం) పొడి కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, చెట్టు నీడలో తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచితే కుప్ప పైన తెల్లగా, తరువాత ఆకుపచ్చగా శిలీంద్రం అల్లుకుంటుంది. ఆ కుప్పను, దానితో పాటు మిగిలిన వేపపిండిని నాటడానికి పదిహేను రోజుల ముందు సాళ్లలో వేసి తడి ఇచ్చాము. ఈ పదిహేను రోజుల ఎడం విషయంలో తొందరపడకూడదు, ఎందుకంటే నూనె చెక్కలు కుళ్లేటప్పుడు అమ్మోనియా వెలువడుతుంది, లేత నారు వేరుకు అది తగిలితే మాడుతుంది. దుకాణంలో కొన్న పిండిని మొదటి ఏడు నాటిన రోజునే నారు గుంతల్లో వేసి ఒక సాలు నారును చేజేతులా చంపుకున్నాము, అందులో పిండి తప్పు ఏమీ లేదు.

కుళ్లేటప్పుడు వెలువడే ఆ అమ్మోనియా, సేంద్రియ ఆమ్లాలే నులిపురుగుకు శత్రువులు కూడా. దానికి తోడు వేపలోని చేదు పదార్థాలు పనిచేస్తాయి, సేంద్రియ పదార్థం పెరిగిన నేలలో నులిపురుగులను తినే, వాటి గుడ్లను ఆశించే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. నులిపురుగు పిల్ల వేరు కొస నుంచి లోపలికి చొరబడి అక్కడే స్థిరపడుతుంది, ఆడపురుగు జిగురు ముద్దలో వందల గుడ్లు పెడుతుంది, వెచ్చటి నేలలో ఒక తరం పూర్తి కావడానికి నెల రోజులు చాలు. ఆరు నెలలు నిలిచే వంకాయలో అటువంటి తరాలు అయిదారు గడుస్తాయి కాబట్టి మొదటి నెలలో వేరును కాపాడగలిగితే చివరి నెలల్లో చాలా తేడా వస్తుంది, ఆలస్యంగా వేస్తే వేపపిండి వట్టి ఎరువుగానే మిగులుతుంది.

తేడా తెలుసుకోవడానికి మేము ఆరు సాళ్లకు పశువుల ఎరువు మాత్రమే వేసి వేపపిండి వేయకుండా వదిలాము. దీనిని పరిశోధన అనలేము, ఒక రైతు కంటి లెక్క అంతే. రెండు నెలలకు రెండు వైపులా పదేసి మొక్కలు పీకి చూశాము. పిండి వేయని సాళ్లలో పదికి పదీ బుడిపెలతో వచ్చాయి, కొన్నింటి వేర్లు అల్లం కొమ్ముల్లాగా తయారయ్యాయి. మిల్లు చెక్క వేసిన వైపు నాలుగు మొక్కల వేర్లు శుభ్రంగా ఉన్నాయి, మిగిలిన వాటిలో బుడిపెలు చిన్నవిగా, వేరు కొసలకే పరిమితమై కనిపించాయి, సన్నటి పీచు వేర్లు గుబురుగా ఉన్నాయి. అంటే నులిపురుగు పోలేదు, తగ్గింది. మధ్యాహ్నపు వాడుపోత మాత్రం ఆ వైపు కనిపించలేదు, కాయ కోత వేయని సాళ్ల కంటే దాదాపు నెల రోజులు ఎక్కువ కాలం సాగింది. మా దృష్టిలో పెట్టిన డబ్బుకు ఫలితం దక్కింది ఇక్కడే.

బెండలోనూ దాదాపు ఇదే అనుభవం. బెండ వేరు నులిపురుగుకు వంకాయ కంటే ఇష్టమైన ఆహారమేమో అనిపిస్తుంది, అందువల్ల బెండ వేసేవారికి నేను మొదట సిఫారసు చేసేది వేపపిండినే. నారుమడిలో ఒక మోస్తరు మోతాదులో ట్రైకోడెర్మాతో కలిపి వేసినప్పుడు నారుకుళ్లు కూడా తగ్గింది, కానీ ఆ గొప్పతనంలో వేప వాటా ఎంత, శిలీంద్రం వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేను.

ఇక వంకాయ కొమ్మ, కాయతొలుచు పురుగు విషయంలో నా ఉత్సాహం చాలా తక్కువ. వేపపిండి వేసిన వైపు మొదటి నెలన్నర వాలిపోయిన కొమ్మ చివర్లు తక్కువగా కనిపించాయి. పక్క పొలంలో పాత వంకాయ తోట ముదిరి అక్కడి రెక్కల పురుగులు మా వైపు వచ్చిన తరువాత రెండు వైపులా ఒకే తీరున నష్టం జరిగింది. వాలిన కొమ్మలను రెండు మూడు రోజులకొకసారి తుంచి పారవేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, అవసరమైనప్పుడు వేప గింజల కషాయం పిచికారీ చేయడం ఇవన్నీ చేయవలసే వచ్చింది. భూమిలో వేసిన పిండి ఎగిరి వచ్చే పురుగును ఆపుతుందని ఆశించి కొనేవారు నిరాశ పడక తప్పదు. బెండ పల్లాకు తెగులును మోసుకొచ్చే తెల్లదోమ మీద అయితే నాకు ఏ ప్రభావమూ కనిపించలేదు.

ఆకు రసం పీల్చే పచ్చదోమ విషయం కొంచెం వేరు. వేపపిండి నేలలో నత్రజని విడుదలను నెమ్మదింపజేస్తుంది, దేశంలో యూరియాకంతటికీ వేపనూనె పూతను 2015లో తప్పనిసరి చేయడానికి ఆధారం కూడా ఆ గుణమే. మేము పైపాటుగా యూరియా వేయడం చాలావరకు మానేశాము, ఆకు మెత్తగా నల్లబడి రసం నిండి ఉండటం తగ్గింది, దోమ ఉధృతి కూడా మునుపటి ఏళ్లంతగా లేదు. ఈ ఫలితాన్ని నేను వేపకు కాక యూరియా తగ్గించడానికే ఎక్కువగా ఆపాదిస్తాను.

కాకర పందిరి కింద పండు ఈగ కోసం వేసినది మూడవ ప్రయోగం. కుళ్లిన కాయలోని పురుగు నేల మీదికి రాలి, పైపొర మట్టిలోనే కోశస్థ దశకు (ఈగగా మారే ముందు దశకు) వెళుతుంది కాబట్టి ఆ మట్టిని కదిలించి వేపపిండి కలపడంలో అర్థం ఉంది. మేము దానితో పాటు మగ ఈగలను ఆకర్షించే క్యూల్యూర్ ఎరల బుట్టలు కట్టాము, రాలిన కాయలను రోజూ ఏరి గోతిలో పూడ్చాము. నష్టం తగ్గిన మాట నిజం, దానిలో పిండి పాత్ర ఎంతో తేల్చలేను కాబట్టి ఈ ఒక్క పనికే కొనమని ఎవరికీ చెప్పను.

ఖర్చు లెక్క సూటిగా చూడాలి. ఇరవై గుంటలకు రెండు మోతాదులు కలిపి 100 కిలోలు, మిల్లు ధరలో 2,600 రూపాయలు, ఆటో కిరాయి వేరు. వేపపిండిలో నత్రజని సుమారు 5 శాతం, భాస్వరం 1 శాతం, పొటాష్ శాతంన్నర లోపు ఉంటాయి, అంటే ఆ వంద కిలోల్లో ఉన్న నత్రజని 5 కిలోలే. 45 కిలోల యూరియా బస్తాలో పావు వంతులో అంత నత్రజని ఉంటుంది, ఆ బస్తా రాయితీ ధర 270 రూపాయల లోపే. ఎరువుగా చూసి కొంటే ఇది చాలా ఖరీదైన ఎరువు. వేరు రక్షణ కోసం, అదీ బుడిపెల బెడద ఉన్న తేలిక నేలకు కొంటేనే లెక్క కుదురుతుంది. నల్లరేగడిలో వరి తరువాత కూరగాయ వేసే రైతు, వేర్లు పీకి చూసి బుడిపె కనిపించకపోతే, ఈ డబ్బును మాగిన పశువుల ఎరువు మీద పెట్టడమే తెలివైన పని.

పశువుల ఎరువు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. మాగని పెంటను పొలంలో పోసి దాని మీద వేపపిండి చల్లితే చీడలు తగ్గుతాయన్న భ్రమ వద్దు. పచ్చి పెంట కుప్పల్లోనే కొమ్ము పురుగులు గుడ్లు పెడతాయి, వాటి తెల్లటి పిల్లపురుగులను మనమే బండికెత్తి పొలానికి తెచ్చినట్టవుతుంది, చెదలు కూడా దానితోనే చేరుతుంది.

ధర తక్కువని ఒక పంటకాలం ఆముదపు పిండి కూడా వేసి చూశాము. నత్రజని నాలుగు శాతం పైన ఉంటుంది, బుడిపెలు కొంత తగ్గాయి, వేపంత కాదు. దానిలో పెద్ద ఇబ్బంది వేరే ఉంది. ఆముదపు గింజలోని రిసిన్ అనే విషం పిండిలో మిగిలి ఉండవచ్చు, కానీ ఆ పిండి వాసన కుక్కలకు, పశువులకు నచ్చుతుంది. మా చేను కాపలా కుక్క రెండు రాత్రులు సాళ్లను తవ్వుతుంటే పట్టుకుని కట్టేయవలసి వచ్చింది. ఇంట్లో కుక్క, పెరట్లో ఆవు ఉన్నవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. కానుగ పిండి గుణంలో వేపకు దగ్గరగానే ఉంటుందని విన్నాను, మాకు నమ్మకమైన మిల్లు దొరకలేదు కాబట్టి వేసి చూడలేదు.

వేపపిండితో పాటు మేము చేసిన రెండు పనులను ఇక్కడ చెప్పకపోతే ఫలితమంతా పిండికే కట్టబెట్టినట్టవుతుంది. వేసవిలో రెండుసార్లు లోతు దుక్కి దున్ని నేలను ఎండకు వదిలాము, రెండవ ఏడు బుడిపెలు ఎక్కువగా ఉన్న మూలలో పండుగల పూల కోసం బంతి వేశాము. బంతి వేర్లలోని పదార్థాలు నులిపురుగుకు గిట్టవు, పైగా దసరాకు, దీపావళికి పువ్వు అమ్ముడుపోయింది. బంతి తీసిన చోట ఈ ఏడు వేసిన టమాట వేర్లు పొలం మొత్తం మీద అన్నిటికంటే శుభ్రంగా ఉన్నాయి, అక్కడ వేపపిండి మోతాదును సగానికి తగ్గించినా నష్టం కనబడలేదు.

మిద్దె తోటల వారు తరచుగా అడుగుతుంటారు కాబట్టి వారి కోసం ఒకటి రెండు మాటలు. పన్నెండు అంగుళాల కుండీకి ఒక గుప్పెడు, మట్టి కలిపేటప్పుడే వేసి రెండు వారాలు తడిపి ఉంచి తరువాత నారు పెడితే చాలు. మొక్క మొదట్లో పొడిగా కుప్ప పోస్తే బూజు, చిన్న ఈగలు వస్తాయి. పిండినల్లి కోసం కుండీలో వేపపిండి వేసి ఫలితం లేదని తిట్టుకోవద్దు, అది ఆకు మీద, కొమ్మ మీద ఉండే పురుగు, దానికి వేప సబ్బు నీళ్లతో కడగడం వంటి పద్ధతి కావాలి. అయిదు కిలోల అందమైన కవరు బదులు, నలుగురు కలిసి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏదైనా నూనె మిల్లు నుంచి ఒక బస్తా తెప్పించుకుని పంచుకుంటే, డబ్బు సగం కంటే ఎక్కువ మిగులుతుంది, పంచుకునే ముందు ఒక గ్లాసు నీళ్లు పక్కన పెట్టుకోవడం మరచిపోవద్దు.